హిస్టరీ క్లబ్ శనివారం సభలకు మనుషులు తగ్గిపోతున్నారు, ఏం చేద్దాం?

నీలగిరి విద్యార్థిని

అందరికీ నమస్కారం. నల్గొండలో ఎం.ఏ. హిస్టరీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా దగ్గర విద్యార్థులమే నడుపుకునే హిస్టరీ క్లబ్ ఒకటి ఉంది. ఈ ఏడాది దాని పనులు చూసే బాధ్యత నాకిచ్చారు. రెండు వారాలకోసారి శనివారం మధ్యాహ్నం ఎవరో ఒకరిని పిలిచి మాట్లాడిస్తున్నాం. మొదటి సభకు నలభై మంది దాకా వచ్చారు. మొన్నటి సభకు పదకొండు మంది. అందులో ఆరుగురం క్లబ్బువాళ్లమే.

వచ్చినవాళ్లు బాగా చెప్పలేదని నేననను. మొన్న కాకతీయుల పాలన మీద గంటన్నర చెప్పారు. నాయంకరం (సైనిక సేవకు బదులుగా నాయకులకు ఊర్లిచ్చే పద్ధతి), చెరువులు, శిస్తులు అన్నీ వచ్చాయి. బయటికి వస్తుంటే మా జూనియర్ తమ్ముడొకడు "అక్కా, ఇదంతా మన పుస్తకంలో ఉన్నదే కదా, దీనికోసం బస్సు వదులుకోవాలా?" అన్నాడు. వాళ్ల ఊరి బస్సు నాలుగున్నరకు పోతే మళ్లీ ఏడింటికే. వాడికి చెప్పడానికి నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ రాత్రంతా అదే ఆలోచన.

ఇంకో సంగతి నన్ను ఎక్కువ బాధపెడుతోంది. పానగల్లు మా బస్టాండు నుంచి ఆటోలో పోయేంత దూరం. గర్భగుడిలో పగలంతా కదలని నీడ పడే పాత శివాలయం, ఛాయా సోమేశ్వరం, అక్కడే ఉంది. దాన్ని చూసినవాళ్లు చేతులెత్తండి అంటే మా క్లాసులో సగం చేతులు లేవలేదు. లేచినవాళ్లు కూడా శివరాత్రికి పోయి దండం పెట్టుకొని వచ్చినవాళ్లే.

నిధులంటూ ఏమీ లేవు, తలా యాభై రూపాయలు వేసుకుంటాం. ఈ సెమిస్టర్‌లో ఇంకా ఐదు శనివారాలున్నాయి. ప్రసంగాలు మానేసి ఊర్లకు పోదామా, హాల్లోనే వేరే తీరుగా చేద్దామా? మీ దగ్గర ఏది పనికొచ్చిందో, ఏది పాడైందో చెప్పండి.

సూర్యాపేట సార్

అమ్మా, ముప్పై ఏండ్లు డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి. మీ తమ్ముడు అడిగింది సరైన ప్రశ్న. పుస్తకంలో ఉన్నదే మైకులో మళ్లీ వినిపిస్తే పిల్లలెందుకు రావాలి?

నేను చేసింది చెప్తాను. ఏటా పిల్లలను సూర్యాపేట పక్కనున్న పిల్లలమర్రికి తీసుకుపోయేవాణ్ణి. ముందురోజు క్లాసులో ఒక్క ముక్కే చెప్పేవాణ్ణి: శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. మరునాడు శాసనం ముందు నిలబెట్టి, "శకం 1130, లెక్క కట్టండి" అనేవాణ్ణి. 1208 అని ఎవరో ఒకరు అరిచేవారు. అప్పుడు చెప్పేవాణ్ణి, ఎరకేశ్వరాలయం కట్టించింది రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసాని అని. అంతదాకా వెనక నిలబడ్డ ఆడపిల్లలు ముందుకు జరిగేవారు. "ఆమె సొంతంగా కట్టించిందా సార్? డబ్బులెక్కడివి సార్?" ప్రశ్నలు మొదలయ్యేవి. పాఠ్యపుస్తకంలో "కాకతీయ సామంతులు అనేక ఆలయాలు నిర్మించారు" అని ఒక్క వాక్యం ఉంటుంది. ఆ వాక్యంలో ఎరకసాని కనపడదు. మీ క్లబ్ చేయాల్సింది ఆమెను కనపడేట్టు చేయడం.

అయితే ప్రసంగాలు మానొద్దు. ముందు ఏమీ చెప్పకుండా పాత బౌద్ధ స్థలమైన ఫణిగిరి గుట్ట ఎక్కిస్తే పిల్లలకు ఇటుకల వరసలు తప్ప ఇంకేం తెలుస్తుంది? స్తూపమేదో, చైత్యమేదో, భిక్షువులు ఉన్న గదులేవో ముందే బోర్డు మీద గీసి చూపించాలి. 2024లో అక్కడ ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. 2023లో అక్కడి శిల్పాలను న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు. మన నల్గొండ, సూర్యాపేట పిల్లలు ఆ గుట్ట ఎక్కకుండా డిగ్రీ పూర్తి చేస్తున్నారంటే నాకు గుండెలో కలుక్కుమంటుంది.

వక్తను పిలిచేటప్పుడు "ఫలానా వంశం మీద మాట్లాడండి" అని అడక్కండి. "మీరు చూసిన ఒక రాయి గురించి చెప్పండి, మీ చేతికొచ్చిన ఒక కాగితం గురించి చెప్పండి" అని అడగండి. అదే మనిషి, అదే గంటన్నర. సభ వేరుగా ఉంటుంది.

పాలమూరు పోరడు

సార్, పిల్లలమర్రి అనగానే మావాళ్లు మహబూబ్‌నగర్ పక్కనున్న మర్రిచెట్టు అనుకుంటారు. ఏడు వందల ఏండ్లదని చెప్పుకునే ఆ చెట్టుకు 2018లో చెదలు పడితే సెలైన్ సీసాలతో మందెక్కించారు. మేము మొదటి యాత్ర అక్కడికే పెట్టుకున్నాం, ఎందుకంటే సిటీ బస్సులో పోవచ్చు, పక్కనే మ్యూజియం కూడా ఉంది.

అక్కా, నేను పాలమూరులో పీజీ చేస్తున్నా. మా అనుభవం ఒకటి చెప్తా. పోయినేడు ఆలంపూర్ తీసుకుపోయినం. నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యులవి, ఏడు ఎనిమిది శతాబ్దాలవి. పేర్లలో బ్రహ్మ ఉన్నా లోపలున్నది శివలింగాలే. గైడుగా వచ్చిన సార్ తారకబ్రహ్మ, స్వర్గబ్రహ్మ, విశ్వబ్రహ్మ అని ఒక్కో గుడి శిఖరం తేడా చూపిస్తుంటే సగం మంది సెల్ఫీలల్లో ఉన్నరు. తర్వాత కూడవెల్లి సంగమేశ్వరాలయం దగ్గరికి పోయినం. కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లి శ్రీశైలం ప్రాజెక్టు కింద మునుగుతుందని, ఆ గుడి రాళ్లకు నంబర్లేసి, విప్పి, ఆలంపూర్‌కు తెచ్చి మళ్లీ నిలబెట్టారు. సార్ ఆ మాట చెప్పగానే మా క్లాసు పిల్లవాడొకడు, ఎన్నడూ నోరు తెరవనివాడు, "సార్, గుడికి నంబర్లేసి తెచ్చిన్రు. మా తాత ఇల్లు నీళ్లల్లనే ఉన్నది" అన్నడు.

ఎవ్వరికీ మాట రాలే. సెల్ఫీలు ఆగిపోయినయి.

తర్వాతి శనివారం వాళ్ల నాయిన్ను పిలిపించినం. ఆయన ఐదో తరగతి దాకనే చదివిండు. మైకు వద్దన్నడు. ఊరు ఖాళీ చేసిన రోజు దూలాలు, తలుపులు ఎట్ల ఊడదీసుకొని బండ్ల మీద ఏసుకున్నరో, వాకిట్ల చింతచెట్టు ఎట్ల వదిలిపెట్టి వచ్చిన్రో చెప్పిండు. బెంచీలు చాలక వరండాలో నిలబడి విన్నరు. మా క్లబ్ ఆ రోజు నుంచే నడుస్తున్నదని నేననుకుంటా.

నీలగిరి విద్యార్థిని

తమ్మీ, చదువుతుంటే ఒళ్లు జలదరించింది. మాకు ఏలేశ్వరం ఉంది కదా. నాగార్జునసాగర్‌లో మునిగిపోయేముందు అక్కడ అబ్దుల్ వహీద్ ఖాన్ గారు తవ్వకాలు చేయించారని మాత్రం పరీక్షలో రాశాను. అక్కడి నుంచి లేచిపోయిన మనుషులు ఏ ఊర్లో ఉన్నారని ఒక్కసారి కూడా అడగలేదు.

గ్రూప్స్ ప్రయత్నం

నా మాట కొందరికి నచ్చకపోవచ్చు. నేను కూడా హిస్టరీ పీజీ చేసినవాణ్ణే, మూడేండ్లుగా గ్రూప్స్‌కు చదువుతున్నా. శనివారం సభకు రానివాళ్ల మీద కోపం తెచ్చుకోకండి. ఇంట్లో ఉద్యోగం టెన్షన్. కోచింగ్ సెంటర్లుండే హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది అద్దె కట్టలేక నల్గొండ లైబ్రరీలో కూర్చొని చదివేవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లకు మూడు గంటలంటే మూడు చాప్టర్లు. పానగల్లు పోతే ఒక్క బిట్టు వస్తుందా అని లెక్క వేసుకుంటారు. అది తప్పు కాదు. క్లబ్ వాళ్లను కూడా దృష్టిలో పెట్టుకోవాలి.

సూర్యాపేట సార్

బాబూ, నువ్వన్నది నిజం. నా శిష్యులు చాలామంది అదే దారిలో ఉన్నారు. కానీ ఒక మాట చెప్పనీ. కందూరు చోడుల రాజధాని ఏది అని బిట్టు వస్తే పానగల్లు అని బట్టీపట్టినవాడూ రాస్తాడు, చూసినవాడూ రాస్తాడు. మెయిన్స్‌లో తెలంగాణ చెరువుల వ్యవస్థ గురించి రాయమంటే ఉదయసముద్రం కట్ట మీద నడిచినవాడి జవాబు వేరుగా ఉంటుంది. ఉదయచోడుడు తవ్వించిన ఆ చెరువులోకే ఇవాళ కాలువ ద్వారా కృష్ణా నీళ్లు తెచ్చి నింపుతున్నారు. తొమ్మిది వందల ఏండ్ల కిందటి కట్ట ఇప్పటికీ పనిచేస్తోందని కళ్లతో చూసినవాడు ఆ జవాబు మర్చిపోడు.

క్లబ్బువాళ్లు కూడా యాత్ర అయ్యాక ఒక పేజీ నోట్సు తయారుచేసి రానివాళ్లకు పంపితే బాగుంటుంది. పోటీ పరీక్ష పిల్లలకు అది ఉపయోగం.

దేవరకొండ టీచరమ్మ

నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్తాను. పానగల్లు పోతే మాత్రం ఛాయా సోమేశ్వరాలయంలో నీడను చూసి "అద్భుతం" అని వచ్చేయకండి. మా పిల్లలతో ఇలా చేయించాను. పూజారి గారిని ముందే అడిగి, ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా గంటకోసారి నీడ ఎక్కడుందో నోటు పుస్తకంలో గీయించాను. బయట ఎండలో ఒక కర్ర పాతి దాని నీడ కూడా గీయించాను. కర్ర నీడ తిరిగింది. గర్భగుడి నీడ తిరగలేదు.

ఎందుకో పిల్లలే చెప్పారు. గర్భగుడిలోకి ఎండ నేరుగా రాదు. బయట నేల మీద, గోడల మీద పడి చెదిరిన వెలుతురు మండపంలోని స్తంభాల సందుల్లోంచి లోపలికి వస్తుంది. స్తంభాలు అడ్డుపడ్డచోట వెలుతురు తగ్గి నిలువుగా నీడ పడుతుంది. సూర్యుడు జరిగినా చెదిరిన వెలుతురు వచ్చే దారులు మారవు, అందుకే నీడ కూడా జరగదు. మూడు గర్భగుళ్లలో ఒక్కదాంట్లోనే ఎందుకు అని అడగండి, స్తంభాల వరస చూడమనండి, గంటసేపు గొడవపడతారు. ఆ గొడవే మీ సభ. భక్తులకు మాత్రం అడ్డం పడకండి, చెప్పులు బయటే విప్పండి.

రాతిముచ్చట

నేను బ్యాంకులో పనిచేస్తాను. సెలవు దొరికితే శాసనాల వెంట తిరుగుతాను. చెల్లెమ్మా, మీ ఐదు శనివారాల్లో ఒకటి శాసనం అచ్చు తీయడం నేర్పించడానికి పెట్టండి. ఖర్చు పెద్దగా ఉండదు, నేర్చుకున్నది జన్మంతా ఉంటుంది.

రాయిని ముందు నీళ్లతో, మెత్తటి బ్రష్‌తో కడగాలి. ఇనుప బ్రష్ ముట్టించొద్దు. తడిపిన కాగితాన్ని రాయి మీద పరిచి, కుచ్చు బ్రష్‌తో సమంగా కొడుతూ పోతే కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. కాస్త ఆరాక సిరా అద్దిన గుడ్డ ఉండతో తేలికగా తట్టాలి. రాయి నల్లగా వస్తుంది, చెక్కిన అక్షరం తెల్లగా నిలుస్తుంది. మొదటిసారి కాగితం చినుగుతుంది, రెండోసారి సిరా ఎక్కువవుతుంది. మూడోసారి ఒక "శ్రీ" బయటపడుతుంది. ఆ సంతోషం మాటల్లో చెప్పలేను. రక్షిత కట్టడాల దగ్గర పురావస్తు శాఖ అనుమతి లేకుండా ఈ పని చేయొద్దు. ముందు ఎవరింటి ముందైనా పడి ఉన్న మామూలు చెక్కిన రాయి మీద నేర్చుకోండి.

అచ్చు తీయలేనిచోట ఫొటో తీయండి. మిట్టమధ్యాహ్నం తీస్తే ఏమీ కనపడదు. పొద్దున్నే గానీ పొద్దుగూకేటప్పుడు గానీ, ఎండ వాలుగా పడేటప్పుడు తీయండి. లేదంటే చీకటిపడ్డాక ఒకరు పక్కనుంచి టార్చి పట్టుకోండి. అరిగిపోయిందనుకున్న అక్షరం లేచి నిలబడుతుంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నా. అక్షరాలు కనపడాలని సుద్దముక్కతో దిద్దడం, నూనె పూయడం, పిండి చల్లడం చేయొద్దు. మీరు "ర" అనుకొని దిద్దింది "ద" అయితే తర్వాత వచ్చినవాడు కూడా "ర" అనే చదువుతాడు. ఊర్లల్లో ఇప్పటికే సున్నం, ఎనామిల్ పెయింటు పడి ఎన్నో శాసనాలు చదవరాకుండా అయ్యాయి. గుప్తనిధుల పిచ్చిగాళ్లు నందులను పగలగొట్టి పోతున్నారు. పగిలిన రాయిని అతికించవచ్చు గానీ పోయిన పంక్తిని ఎక్కడినుంచి తెస్తాం?

చదవడానికి మొదట పురావస్తు శాఖ జిల్లాలవారీగా అచ్చువేసిన శాసన సంపుటాలు పట్టుకోండి. మన నల్గొండ సంపుటాలు ఉన్నాయి. మీ ఊరి పేరు అందులో ఉందేమో వెతకండి. ప్రతి సభ్యుడూ తన ఊరో పక్క ఊరో వెతుక్కుంటే సభకు రమ్మని బతిమాలాల్సిన పని ఉండదు.

పాలమూరు పోరడు

అన్నా, ఇది మేము కూడా చేస్తం. అక్కా, ఒక ఆలోచన. మీ పానగల్లును ఏలిన కందూరు చోడుల అసలు కందూరు మా జిల్లాల ఉన్నది. అక్కడ కదంబ చెట్ల వనం, రామలింగేశ్వరాలయం ఉన్నయి. మీరు కందూరుకు రండి, మేము పానగల్లుకు వస్తం. రెండు క్లబ్బులు కలిసి ఒక్క వంశాన్ని రెండు జిల్లాల్లో నడిచి చూస్తే ఎట్లుంటది?

కృష్ణ ఒడ్డు

మాది మక్తల్ దిక్కు. ముడుమాల్ నిలువురాళ్లను మర్చిపోకండి. పద్నాలుగు అడుగుల దాకా ఎత్తున్న రాళ్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి, బృహత్ శిలాయుగం నాటివి. హైదరాబాద్ యూనివర్సిటీ ఆచార్యులు కె.పి. రావు గారు ఏండ్లతరబడి వాటి మీద పనిచేశారు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. మా ఊరివాళ్లకు మాత్రం అవి ఎప్పటినుంచో నిలువురాళ్ల తిమ్మప్ప. రాళ్లు పీకి పత్తి పెట్టుకుందామని అనుకోకుండా ఇన్ని తరాలు కాపాడింది ఆ తిమ్మప్ప మీది భక్తే. మీరొస్తే ఆ మాట కూడా రాసుకోండి.

వడిసెల

నా పేరు చూసి మీకర్థమయ్యే ఉంటుంది. మాది తెలంగాణ సాయుధ పోరాటం జరిగిన ఊరు. జొన్నచేలల్లో పిట్టలను కొట్టే వడిసెలతోనే మా దిక్కు ఆడవాళ్లు దొర మనుషుల మీదికి రాళ్లు విసిరారు.

నేను చేసిన పెద్ద తప్పు చెప్తా, మీరు చేయకండి. మా నాయనమ్మ పోయినేడు చనిపోయింది. ఆ కాలానికి పదీ పన్నెండేండ్ల పిల్ల. ఆమె మాటలు రికార్డు చేద్దాం, చేద్దాం అనుకుంటూ ఏండ్లు గడిపిన. చివరికి నా దగ్గర ఉన్నది ఫోన్ల పద్నాలుగు నిమిషాలు. అది కూడా పెండ్లింట్ల తీసింది, వెనక డప్పులే వినపడతయి.

అదీగాక నాకు అడగడం రాలేదు. "నాయనమ్మా, నువ్వు సాయుధ పోరాటంలో పాల్గొన్నవా?" అని అడిగిన. "లేదు బిడ్డా, నేనేం జేసిన, చిన్నదాన్ని" అన్నది. అక్కడితో అయిపోయింది అనుకున్న. తర్వాత మా చెల్లె పక్కన కూసొని "నాయనమ్మా, ఆనాడు దళపోళ్లకు రొట్టెలు ఎవరు జేసేది?" అని అడిగింది. ఇగ మొదలుపెట్టింది. వాళ్ల అమ్మ చీకట్లనే రొట్టెలు చేసేదట, పొయ్యి మంట బయటికి కనపడకుండా గోనెసంచి అడ్డం కట్టేదట. తెల్లారగట్ల ఈమె గడ్డిమోపుల దాచిపెట్టి చేను గట్టు మీద పెట్టి వచ్చేదట. ఎవరు తీసుకుపోయేదో ఎన్నడూ చూడలేదట. "చూడొద్దని మా అమ్మ జెప్పింది" అన్నది. ఇది పాల్గొనడం కాకపోతే ఇంకేంటిది? కానీ ఆమెకు ఆ పెద్ద మాట తెల్వదు. మన ప్రశ్నే తప్పు.

అందుకే మీరు ముసలివాళ్ల దగ్గరికి పోతే పేర్లు, తేదీలు అడక్కండి. ఏం తిన్నరు, నీళ్లు ఎక్కడ తెచ్చుకున్నరు, గడి ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు ఏం చేసేది, రాత్రి కుక్కలు మొరిగితే ఎవరు లేచేది, ఇవి అడగండి. 1946లో దొడ్డి కొమరయ్య చనిపోయిన నాటికి పదేండ్లున్నవాళ్లకు ఇప్పుడు తొంభై. మీ ఐదు శనివారాల్లో కనీసం రెండు దీనికియ్యండి. గుళ్లు వచ్చే ఏడు కూడా ఉంటయి.

నీలగిరి విద్యార్థిని

అన్నా, మీ చివరి మాట మా వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ముగ్గురు తమ ఊర్లల్లో తొంభై దాటినవాళ్లున్నారని చెప్పారు.

ఇంకో సందేహం. సెప్టెంబర్ 17కు ఒక సభ పెడదామని కొందరంటున్నారు. ఏ పేరు పెట్టాలన్నదాని మీదే గొడవ. విమోచనం, విలీనం, విద్రోహం, ఎవరి మాట వారిదే. పోయినేడు ఆ గొడవతో సభే జరగలేదు.

గ్రూప్స్ ప్రయత్నం

విలీనమే సరైన మాట. సైనిక చర్య 1948 సెప్టెంబర్ 13న మొదలై 17న నిజాం లొంగిపోయాడు, హైదరాబాద్ ఇండియన్ యూనియన్‌లో కలిసింది.

వడిసెల

మరి 1951 అక్టోబర్ దాకా మా ఊర్లల్ల పోరాటం ఎందుకు సాగింది అన్నా? సైన్యం వచ్చినంక మా తాత తమ్ముణ్ణి పట్టుకపోయిన్రు. మా ఇంట్ల 17 అనేది ఆఖరి రోజు కాదు.

మిర్యాలగూడ ముసాఫిర్

భాయ్, మా ఇంట్లో ఆ సెప్టెంబర్ గురించి మాట్లాడేటప్పుడు మా దాదీ గొంతు తగ్గించేది. రజాకార్లతో ఏ సంబంధం లేని మా తాత కూడా నెల రోజులు పొలంలో దాక్కున్నాడు. ఆయనను కాపాడింది పక్కింటి గౌడ్ కుటుంబం. మాకు ఆ తేదీకి వేరే పేరేదీ లేదు. భయం, ఆ తర్వాత అన్నంపెట్టిన చెయ్యి, ఈ రెండే గుర్తు.

అక్కా, సభకు పేరు పెట్టే పని వదిలేయండి. "1948 సెప్టెంబర్ నుంచి 1951 అక్టోబర్ దాకా మా ఊర్లో" అని పిలుపునివ్వండి. ప్రతి ఒక్కరూ తమ ఊరి నుంచి ఒక జ్ఞాపకమో ఒక కాగితమో తెచ్చి చదవాలి. గడిలో పనిచేసినవాళ్ల ఇల్లు, పట్వారీ ఇల్లు, సంఘంలో ఉన్నవాళ్ల ఇల్లు, మా ఇల్లు, అన్నీ రావాలి. వాదన అయ్యాక చేసుకోవచ్చు.

కాగితాల గురించి కూడా ఒక మాట. నేను ఉర్దూ చదవగలను కాబట్టి దోస్తుల ఇళ్లల్లో పాత ట్రంకుపెట్టెలు తెరిచినప్పుడు నన్నే పిలుస్తారు. ఆ కాగితాల మీద నిజాం కాలంలో వాడిన ఫసలీ సంవత్సరం ఉంటుంది. సూర్యాపేట సార్ శకానికి 78 కలపమన్నారు కదా, ఫసలీకి 590 కలపండి. 1356 ఫసలీ అంటే 1946 అక్టోబర్ తర్వాతి ఏడాది. ఇది తెలియక ఒక దోస్తు తమ ఇంట్లో ఆరు వందల ఏండ్ల కిందటి పట్టా ఉందని అందరికీ చెప్పుకున్నాడు.

ఇంకొకటి, జిల్లాల హద్దులు. దొడ్డి కొమరయ్య ఊరు కడవెండి అప్పుడు జనగామ తాలూకా, నల్గొండ జిల్లా. జనగామ వరంగల్‌లోకి తర్వాత పోయింది. అట్లే ఆలంపూర్, గద్వాల 1956 దాకా రాయచూర్ జిల్లాలో ఉన్నాయి. పాత రికార్డు వెతికేటప్పుడు ఇవాళ్టి జిల్లా పేరు పట్టుకొని పోతే "లేదు" అంటారు. ఉంటుంది, వేరే జిల్లా కట్టలో ఉంటుంది.

సూర్యాపేట సార్

బాబూ, ముప్పై ఏండ్ల సర్వీసులో ఈ పేరు గొడవ వినని సెప్టెంబర్ లేదు. నువ్వు చెప్పిన పద్ధతి నాకు అప్పుడు తట్టి ఉంటే ఎంత బాగుండేది. మీ దాదీ మాట, వడిసెల బాబు తాత తమ్ముడి మాట ఒకే బల్ల మీదికి రావాలి. ఆ రోజు నన్ను పిలవండి, వెనక వరసలో కూర్చొని వింటాను.

పొలంగట్టు

నేను చదువుకున్నోణ్ణి కాదు, పదో తరగతి ఫెయిల్. మా బిడ్డ డిగ్రీ చదువుతది, ఆమె ఫోన్ల ఇదంతా చదివి వినిపించింది. మా చెల్కల వేపచెట్టు కింద ఒక రాయి ఉన్నది. మొలదాక ఎత్తు. ఒక మనిషి కత్తి పట్టుకొని ఉంటడు, పైన సూర్యుడు చంద్రుడు. మా అవ్వ తొలి ఏకాశికి దీపం పెడతది. ఆ రాయి సంగతి తెలుసుకోవాలని నాకు ఎప్పటి నుంచో ఉన్నది. కాని చెప్తే గవర్నమెంటోళ్లొచ్చి భూమి తీసుకుంటరని ఊర్లె భయపెట్టిన్రు. ఉన్నది ఎకరంన్నర.

రాతిముచ్చట

అన్నా, మంచిపని చేశారు చెప్పి. మీరు చెప్పేదాన్ని బట్టి అది వీరగల్లు అయి ఉంటుంది. ఊరి పశువులను ఎవరైనా తోలుకుపోతుంటే, ఊరి మీద దొంగలు పడితే, ఎదురునిలిచి చనిపోయినవాడి గుర్తుగా అలాంటి రాళ్లు నిలబెట్టేవారు. సూర్యచంద్రులున్నంత కాలం అతని పేరు నిలవాలని పైన వాళ్లను చెక్కేవారు. కింద ఆవులు ఉన్నాయేమో, ఎక్కడైనా అక్షరాలున్నాయేమో చూడండి.

పొలంలో ఒక రాయి ఉందని భూమి గుంజుకోరు. ఏదైనా రక్షిత కట్టడం కావాలంటే ప్రభుత్వం నోటిఫికేషన్ ఇవ్వాలి, దానికో పద్ధతి ఉంటుంది. మీరు రాయిని కదపకండి, రంగు వేయకండి. అవ్వ దీపం పక్కన పెడితే పర్వాలేదు, రాయి మీద నూనె పోయొద్దని మెల్లగా చెప్పండి.

నీలగిరి విద్యార్థిని

అన్నా, మీకు అభ్యంతరం లేకపోతే మేము వచ్చి చూస్తాం. ఊరి పేరు ఇక్కడ రాయకండి, నాకు విడిగా పంపండి. గుప్తనిధులవాళ్లు కూడా ఇవన్నీ చదువుతారు.

నీలగిరి విద్యార్థిని

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. నిన్న శనివారం పోయివచ్చాం. ఇరవై ఏడు మందిమి. బస్సు వదులుకోవాలా అని అడిగిన తమ్ముడు అందరికంటే ముందు బస్టాండులో ఉన్నాడు. గ్రూప్స్ అన్న కూడా వచ్చాడు, నోట్సు రాసే పని తనే తీసుకున్నాడు.

పొద్దున పానగల్లు. టీచరమ్మ చెప్పినట్టు బయట కర్ర పాతాం. మాకు అక్కడ మూడు గంటలే దొరికింది కాబట్టి మూడు గీతలే వచ్చాయి. ఆ మూడింట్లోనే తేడా తెలిసింది. మూడు గర్భగుళ్లలో ఒక్కదాంట్లోనే ఎందుకన్న దాని మీద నిజంగానే గొడవైంది, ఇంకా తేలలేదు. తర్వాత పచ్చల సోమేశ్వరాలయం గోడల మీద రామాయణ, భారత ఘట్టాలు గుర్తుపట్టే పని పెట్టుకున్నాం. ఎక్కువ గుర్తుపట్టింది హిస్టరీవాళ్లు కాదు, చిన్నప్పుడు చిందు భాగోతం చూసిన ఒక తెలుగు ఎం.ఏ. అమ్మాయి. పక్కన మ్యూజియంలో వీరగల్లులున్నాయి. వాటి ముందు నిలబడి రాతిముచ్చట అన్న అందరికీ చెప్పారు, దేన్ని ఎలా చూడాలో.

మధ్యాహ్నం ఉదయసముద్రం కట్ట మీద సద్దులు విప్పుకొని తిన్నాం. నాలుగింటికి పొలంగట్టు అన్న చెల్క దగ్గరికి చేరాం.

రాయి మూడున్నర అడుగుల ఎత్తుంది. మట్టిలో ఇంకా ఎంత ఉందో తవ్వలేదు. ఎండ వాలాక ఫొటోలు తీశాం. అప్పుడు కనపడ్డాయి, కత్తి పట్టినవాడి కాళ్ల దగ్గర రెండు ఆవులు. అన్నకు కూడా అంతకుముందు తెలియదు, మట్టి పట్టి ఉండింది. అక్షరాలు లేవు. రెండు వైపులా వెనకా వెతికాం, లేవు. మా తమ్ముడు ముందు కొంచెం నీరసపడ్డాడు. కొలతలు రాసుకొని, గ్రాఫు కాగితం మీద బొమ్మ గీసి, ఏ దిక్కుకు తిరిగి ఉందో రాశాం.

అప్పుడు అవ్వ వచ్చింది. ఎనభై దాటి ఉంటుంది. వడిసెల అన్న మాట గుర్తుపెట్టుకొని ఎవరూ "ఇది ఏ కాలంది" అని అడగలేదు. మా తమ్ముడే పక్కన కూర్చొని "అవ్వా, దీపం ఎందుకు పెడతవు?" అన్నాడు. "మా అత్త పెట్టింది, నేను పెడుతున్న" అన్నది. "ఆయనకు పేరున్నదా?" అంటే "ఆవులాయన" అన్నది. ఆవుల బొమ్మలు మట్టికింద ఉండి ఎవ్వరికీ కనపడకపోయినా, వాళ్లింట్లో అత్త నుంచి కోడలికి ఆ పేరు వచ్చింది. రాతిముచ్చట అన్న తన పుస్తకం మూసి కాసేపు ఊరికే నిలబడ్డారు.

ఫొటోలు, కొలతలు, అవ్వ మాటల రికార్డు (పన్నెండు నిమిషాలు, డప్పులు లేవు) మా డిపార్ట్‌మెంట్‌లో ఒక ఫైలుగా పెట్టాం. మొదటి ఫైలు. వచ్చే శనివారం ముసాఫిర్ అన్న ఉర్దూ కాగితాలతో వస్తున్నారు. ట్రంకుపెట్టెలు ఉన్నవాళ్లు తెచ్చుకోండి, జిరాక్సు కాదు, అసలువి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి.

వడిసెల

ఆ పన్నెండు నిమిషాలు రెండు మూడు చోట్ల దాచిపెట్టు చెల్లె. ఒక్క ఫోన్ల ఉంచకు.

పాలమూరు పోరడు

కందూరు ఎప్పుడక్కా? మావోళ్లు రోజూ అడుగుతున్నరు.

పొలంగట్టు

మా అవ్వ అడుగుతుంది, ఆ పిల్లలు మళ్ల ఎప్పుడొస్తరని. చెప్పాల్సింది ఇంకా ఉన్నదంట. వానలు పడకముందే రండి, పడితే చెల్కల బురదైతది, బస్సు కూడా గుండ్లవాగు దాటదు.